ఖాళీ పికప్ వెనక చక్రాలు దడదడలాడుతుంటే: తక్కువ ఖర్చుతో సరిచేసే పద్ధతి

మార్కెట్ యార్డులో సరుకు దించేసి ఖాళీ బండితో చెరువు కట్ట ఎక్కుతారు. మొదటి గేరులో కాస్త గట్టిగా తొక్కగానే వెనక నుంచి దడదడమని మోత. చక్రం నేలను పట్టుకోదు, ఎగిరి పడుతుంది, మళ్లీ ఎగురుతుంది, బండి వెనక భాగమంతా అదురుతుంది. బొలెరో పికప్, టాటా యోధ, ఇసుజు డీ-మ్యాక్స్, ఏదైనా కానివ్వండి, వెనక కమాన్ కట్టలున్న (ఉక్కు పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగులున్న) బండికి ఈ జబ్బు రావచ్చు.

మందు ఖరీదైనది కాదు. మన దగ్గర నడిచే పికప్‌లలో చాలావాటికి ఏదో తక్కువై కాదు, తర్వాత కలిపినవి ఎక్కువై ఈ సమస్య వస్తుంది: లోడు కోసం అదనంగా వేసిన పట్టీలు, లోడు కోసం కొట్టించిన గాలి, ఎత్తు కోసం పెట్టిన దిమ్మలు. అందుకే ముందు కలిపినవి తీయాలి, అరిగినవి మార్చాలి, అప్పటికీ తగ్గకపోతేనే కొత్తవి బిగించాలి.

అసలు ఎందుకు ఎగురుతుంది

ఇంజిన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. మొదటి గేరులో అది నాలుగింతలు, వెనక యాక్సిల్ మధ్యలోని క్రౌన్ పిన్నియన్ పళ్లచక్రాల్లో మళ్లీ నాలుగింతలు అయితే చక్రాల దగ్గరికి చేరేసరికి 3,200 అవుతుంది. చక్రాలను ముందుకు తిప్పే ఆ బలమే యాక్సిల్ బయటి గొట్టాన్ని, అంటే హౌసింగ్‌ను, వెనక్కి తిప్పాలని చూస్తుంది. హౌసింగ్‌కు మీటరు పొడవున్న గడ్డపార కట్టి దాని చివర 325 కిలోలు వేలాడదీస్తే ఎంత మెలిపెడుతుందో అంత. దాన్ని ఆపాల్సింది కమాన్ కట్టలే. హౌసింగ్ ముందు వైపున్న పిన్నియన్ ముక్కు పైకి లేస్తుంది. దాంతో యాక్సిల్‌కు ముందున్న కమాన్ సగం పైకి ఉబ్బుతుంది, వెనక సగం కిందికి దిగుతుంది. పక్కనుంచి చూస్తే కట్ట పాములా మెలికపడి కనిపిస్తుంది.

ఆ మెలిక ఒక హద్దు దాటాక టైరు పట్టు తప్పి జారుతుంది. జారగానే బిగిసి ఉన్న కమాన్ ఒక్కసారిగా విడుచుకుని టైరును నేలకేసి కొడుతుంది. కొట్టగానే మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలిక పడుతుంది. ఇదంతా క్షణంలో పలుమార్లు జరుగుతుంది. లోడుంటే టైరు తొందరగా జారదు కాబట్టి ఈ తంతు మొదలే కాదు. ఖాళీ బండికే ఈ బాధ ఎక్కువ ఉండటానికి కారణం అదే.

మోత మొదలైతే యాక్సిలరేటర్ వెంటనే వదిలేయండి. ఇంకొంచెం తొక్కితే ఎక్కేస్తుందని పట్టుబట్టినప్పుడే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, కమాన్ పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు, యాక్సిల్ షాఫ్ట్ పోతాయి.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

ఖాళీ స్థలంలో ఇంకొకరిని నడపమని, మీరు పక్కకు బాగా దూరంగా నిలబడి వెనక చక్రాన్ని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. బండి కదిలేటప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో మాత్రమే ఎగిరితే అది కమాన్ మెలికే. గతుకుల మట్టిరోడ్డు మీద ఏ గేరులోనైనా ఎగురుతుంటే షాకబ్జర్లను అనుమానించండి. తారురోడ్డు మీద ఒక వేగం దగ్గరికి రాగానే ఊగి, దాటాక తగ్గితే టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్, జాయింటు క్రాసుల సంగతి చూడాలి. బ్రేకు వేసినప్పుడే దడదడలాడితే కమాన్ చివర్లలోని రబ్బరు బుష్‌లు, యాక్సిల్‌ను కమాన్‌కు బిగించే యూ బోల్టులతో పాటు డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయో లేదో కూడా చూపించండి.

ఏ పని చేసినా ఒక్కొక్కటే చేసి, అదే చోట, అదే గేరులో, అదే గాలితో మళ్లీ పరీక్షించండి. నాలుగు పనులు ఒకేరోజు చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు, డబ్బు దేనికి పోయిందో కూడా తెలియదు.

1. గాలి, టైరు

లోడుకు కొట్టించిన గాలితోనే ఖాళీగా తిరగడం మన దగ్గర మామూలు. గట్టి టైరు బంతిలా ఎగురుతుంది, నేలకు ఆనే భాగం కూడా తగ్గుతుంది. డోరు దగ్గరున్న స్టిక్కరు లేదా మాన్యువల్ చూడండి. ఖాళీకి, లోడుకు వేర్వేరు అంకెలు ఇచ్చి ఉంటే ఖాళీ అంకె పాటించండి. బండి కనీసం 3 గంటలు ఆగి టైరు చల్లబడ్డాకే కొలవాలి.

సుద్దముక్క పరీక్ష ఖర్చు లేనిది. వెనక టైరు మీద అడ్డంగా మందంగా ఒక గీత గీసి, చదునైన రోడ్డు మీద తిన్నగా 100 మీటర్లు నడపండి. గీత మధ్యలోనే చెరిగి అంచుల్లో నిలిస్తే గాలి ఎక్కువ. 3 పీఎస్‌ఐ తగ్గించి మళ్లీ గీయండి. గీత ఇటు నుంచి అటు సమంగా చెరిగినప్పుడు ఆగండి. కంపెనీ చెప్పిన కనీసపు అంకెకు మాత్రం దిగువకు పోవద్దు. మళ్లీ లోడు ఎక్కించే ముందు గాలి నింపడం మరిచిపోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకే ఈ చిట్కా రోజూ లోడుకు వెళ్లే బండి కంటే వారంలో ఎక్కువ రోజులు ఖాళీగానో తేలిక సరుకుతోనో తిరిగే బండికి సరిపోతుంది.

పనిలో పనిగా ముందు చక్రాలకు అడ్డు పెట్టి వెనక భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి చక్రం చేత్తో తిప్పండి. టైరుకు ఎదురుగా ఇటుక మీద ఒక మేకు ఆనించి పెడితే సందు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో తెలుస్తుంది. తేడా 3 మి.మీ. దాటితే టైరు ఉబ్బిందో, రిమ్ము వంగిందో చూడాలి. రిమ్ము లోపలి వైపు ఎండిన బురద గడ్డలు ఉంటే గీకేయండి.

2. అదనపు పట్టీలు, దిమ్మలు

అసలు కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. రెండు వైపులా కట్టలో పట్టీలు లెక్కపెట్టండి. అదే మోడల్ కొత్త బండి పక్కన పెట్టి పోల్చండి. ఒకటో రెండో ఎక్కువ కనిపిస్తే అవి ఎప్పుడో లోడు కోసం వేయించినవే. రెండు టన్నులు మోయడానికి బిగించిన కట్ట ఖాళీ బండి బరువుకు అసలు వంగదు. వంగని కమాన్ గుంతను మింగదు, చక్రాన్నే పైకి విసురుతుంది. ఆర్సీలో రాసిన బరువుకు మించి మోయడానికే ఆ పట్టీలు వేయించి ఉంటే వాటిని తీయించడానికి అది ఇంకో కారణం.

యాక్సిల్‌కు, కమాన్‌కు మధ్య ఎత్తు కోసం ఇనుప దిమ్మలు పెట్టి ఉంటే అవీ తీయించండి. దిమ్మ ఎంత ఎత్తుంటే మెలిక పెట్టే బలానికి అంత పొడవైన మీట దొరికినట్టు. దిమ్మ మీద దిమ్మ పెట్టడం మరీ ప్రమాదం, అది పక్కకు జారితే యాక్సిలే కదిలిపోతుంది.

పట్టీ తీసే పని కమాన్ షాపులో చేయించడం మంచిది. మీరే చేస్తే వరస ఇది. కమాన్ ముందు బ్రాకెట్టుకు కాస్త ముందు చాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌ను వేరే జాకీ మీద ఆనించండి. యూ బోల్టులు విప్పండి. సెంటర్ బోల్టు ముట్టుకునే ముందు దానికి అటూ ఇటూ రెండు గట్టి సీ క్లాంపులు బిగించాలి. పట్టీలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఉంటాయి. క్లాంపు లేకుండా సెంటర్ బోల్టు విప్పితే అవి ఎగిరి చేతికో ముఖానికో తగులుతాయి. బోల్టు తీశాక రెండు క్లాంపులనూ కొద్దికొద్దిగా, సమంగా వదలండి. రెండు వైపులా ఒకే సంఖ్యలో పట్టీలు తీయాలి. తిరిగి బిగించేటప్పుడు సెంటర్ బోల్టులు, యూ బోల్టులు, నట్లు కొత్తవి వేయండి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ సరిగా బిగుసుకోదు.

కట్ట విప్పి ఉండగానే పట్టీల మధ్య తుప్పు తీగల బ్రష్షుతో గీకేయండి. తుప్పుపట్టిన పట్టీలు అతుక్కుని ఉండి ఒక్కసారిగా వదులుతాయి. చివరలు రాసుకునే చోట గ్రాఫైట్ గ్రీజు పలచగా రాస్తే చాలు. చాలామంది కాలిన ఇంజిన్ ఆయిల్ పోస్తారు. ఆ పని చేయొద్దు. ఆయిల్ బుష్‌ల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. పైగా పట్టీల మధ్య ఉండే కొద్దిపాటి రాపిడే ఎగురుడును కొంత అణచేది. దాన్ని పూర్తిగా చంపేస్తే భారమంతా షాకబ్జర్ మీద పడుతుంది.

3. బిగింపులు, బుష్‌లు

యూ బోల్టు ప్లేటు అంచున పెయింటు లేచిపోయి ఇనుము మెరుస్తుంటే, ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే అక్కడ కదలిక ఉన్నట్టే. చక్రాలు నేల మీద ఉండగా నాలుగు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు బిగించండి. పైపు తొడిగి బలం కొద్దీ లాగితే బోల్టు సాగుతుంది. మొదటి లోడు ట్రిప్పు అయ్యాక ఒకసారి, 500 కిలోమీటర్లకు ఇంకోసారి మళ్లీ చూడాలి.

సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీదున్న రంధ్రంలో కూర్చుంటుంది. అది విరిగినా పైకి కనిపించదు. కమాన్ ముందు కన్ను (చాసిస్‌కు తగిలించే చివరి రింగు) బోల్టు నుంచి యాక్సిల్ మధ్య వరకు రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా 5 మి.మీ. దాటితే ఒక వైపు యాక్సిల్ వెనక్కి జరిగిందేమో చూపించాల్సిందే.

బుష్‌లలో ముందు కన్ను బుష్ ముఖ్యం, చక్రాలు బండిని నెట్టే బలమంతా దాని గుండానే చాసిస్‌కు చేరుతుంది. టామీ రాడ్డు పెట్టి తోసి చూడండి. కన్ను లోపల బోల్టు అటూ ఇటూ కదులుతున్నా, రబ్బరు చీలి ఒక పక్కకు వచ్చినా మార్చండి. కమాన్ వెనక చివరను చాసిస్‌కు తగిలించే, ఊగే షాకిల్ బుష్‌లనూ అలాగే చూడండి. కొత్త రబ్బరు బుష్ వేశాక కన్ను బోల్టును బండి గాలిలో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. బుష్ మార్చినా నిలవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ తప్పే.

4. షాకబ్జర్లు

కారు మాదిరి వెనక మూల నొక్కి వదిలితే పికప్‌లో ఏమీ తెలియదు, కమాన్ అంత గట్టిది. వేరే మార్గం ఉంది. గతుకుల రోడ్డు మీద 8, 10 కిలోమీటర్లు నడిపి ఆపగానే సైలెన్సర్ పైపు తగలకుండా జాగ్రత్తగా రెండు షాకబ్జర్లనూ తాకి చూడండి. పనిచేసేది వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే చల్లనిది పోయింది. బయట ఆయిల్ కారి దుమ్ము అంటుకున్నా, కింద విప్పి చేత్తో లాగితే ఎక్కడైనా ఖాళీగా జారినా అంతే. ఎప్పుడూ జతగా మార్చండి. కొత్తవి బిగించే ముందు నిలువుగా పట్టుకుని 5, 6 సార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపల చేరిన గాలి పైకి పోతుంది.

కొన్ని పికప్‌లలో ఒక షాకబ్జర్ యాక్సిల్‌కు ముందు, ఇంకోటి వెనక ఉంటుంది. అది తేడాగా బిగించింది కాదు. హౌసింగ్ మెలిపడటాన్ని రెండూ చెరోవైపు నుంచి అడ్డుకోవడానికే అలా పెడతారు. అమెరికాలో షెవర్లే కంపెనీ 1968లో కమారో కారుకు ఇదే ఏర్పాటు చేసింది. మీ బండికి అలా ఉంటే ఎవరైనా రెండూ ఒకే పక్కకు మారుస్తామంటే ఒప్పుకోవద్దు.

5. కమాన్ ముందు సగానికి క్లాంపులు

పై నాలుగూ అయ్యాక కూడా ఎత్తు ఎక్కేటప్పుడు మెలిక మిగిలితే ఇది చేయండి. ముందు సగం పట్టీలు విడివిడిగా వంగకుండా ఒకే దిమ్మలా ఉంటే యాక్సిల్‌ను నెట్టే కడ్డీలా పనిచేస్తాయి. వెనక సగం మాత్రం స్వేచ్ఛగా కదలాలి. క్రైస్లర్ కంపెనీ 1960లలో కార్ల కమాన్లనే ఈ లెక్కన చేసింది. యాక్సిల్‌ను కట్ట మధ్యలో పెట్టకుండా ముందుకు జరిపి, ముందు భాగాన్ని పొట్టిగా, గట్టిగా ఉంచింది.

ఒక్కో వైపు రెండు క్లాంపులు కావాలి. ఒక్కో క్లాంపుకు 40 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం ఉన్న ఇనుప పట్టీ ముక్కలు రెండు, 8.8 గ్రేడు 10 మి.మీ. బోల్టులు రెండు, లాక్ నట్లు రెండు. ముక్క పొడవు కమాన్ వెడల్పుకు అటూ ఇటూ 25 మి.మీ. ఎక్కువ ఉండాలి. రంధ్రాలు ఈ ముక్కలకే వేయాలి. కమాన్ పట్టీకి రంధ్రం వేసినా, కొద్దిగా వెల్డింగ్ తగిలించినా అక్కడే పగులు మొదలవుతుంది. వేడి తగిలిన చోట ఉక్కుకు పెట్టిన పదును పోతుంది.

మొదటి క్లాంపు యూ బోల్టుకు ముందు 10 సెం.మీ. దూరంలో, రెండోది రెండో పట్టీ చివరికి కాస్త లోపల. ఇనుముకు, కమాన్‌కు మధ్య పాత ట్యూబు ముక్క పెట్టండి, గీత పడదు. బండి బరువు చక్రాల మీద ఉండగానే బిగించండి. వెనక సగంలో కంపెనీ ఇచ్చిన క్లిప్పులు తీసేయొద్దు, పట్టీలు పక్కకు జరగకుండా ఆపేవి అవే.

దీనికి ఒక మూల్యం ఉంది. వెనక భాగం కొంచెం గట్టిపడుతుంది. క్లాంపు అంచు దగ్గర పట్టీ మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే రోజూ పూర్తి లోడు మోసే బండికి ముందుగా ఒక్క క్లాంపుతో, అది కూడా యూ బోల్టుకు దగ్గరదానితో మొదలుపెట్టి చూడటం మేలు.

6. ఖాళీ రోజులకు ఇసుక మూటలు

ఖాళీగా ఘాటు రోడ్డో, తడి మట్టిదారో ఎక్కాల్సి వస్తే 100 నుంచి 150 కిలోల బరువు వెనక యాక్సిల్‌కు నేరుగా పైన, లేదా కాస్త ముందుకు పెట్టండి. డాలా చివర పెడితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ఖాళీ యూరియా సంచుల్లో ఇసుక నింపుతుంటే ఒక లెక్క గుర్తుంచుకోండి. 45 కిలోల యూరియా పట్టే సంచిలో నిండా ఇసుక పోస్తే దాదాపు రెట్టింపు బరువవుతుంది. సగం నింపి మూతి కడితే ఒక్కోటి నలభై, యాభై కిలోలుంటుంది, ఒక మనిషి ఎత్తగలడు. అవి కదలకుండా డాలా కొక్కేలకు తాడుతో కట్టాలి. కట్టని మూట గట్టిగా బ్రేకు వేసినప్పుడు క్యాబిన్ మీదికి వస్తుంది.

7. చివరిది: అడ్డు కడ్డీ

ఇది నిజంగా అవసరమయ్యే బళ్లు తక్కువ. సులువైన రకం కమాన్ కిందనే ఉంటుంది. యూ బోల్టు కింది ప్లేటుకు బిగించిన గట్టి ఇనుప కడ్డీ ముందుకు సాగి, దాని చివరున్న రబ్బరు దిమ్మ ముందు కన్ను కింద నిలుస్తుంది. మెలిక మొదలవగానే రబ్బరు కన్నుకు ఆని హౌసింగ్‌ను ఆపుతుంది. రబ్బరు సరిగ్గా కన్ను కిందే ఆనాలి. కడ్డీ పొట్టిదై పట్టీ మధ్యలో తగిలితే మెయిన్ పట్టీ అక్కడే వంగిపోతుంది. సందు కొలిచేది ఖాళీ బండితో మాత్రమే కాదు. లోడు పడితే కమాన్ చదునై కన్ను కడ్డీకి దగ్గరవుతుంది. పూర్తి లోడుతో కూడా 12 మి.మీ. సందు మిగలాలి.

రెండో రకం హౌసింగ్ నుంచి చాసిస్ దాకా వెళ్లే పైపు. దానికి చాసిస్ వైపు చివర ఊగే షాకిల్ తప్పనిసరి. యాక్సిల్ పైకీ కిందికీ కదిలేటప్పుడు కమాన్ ఒక వంపులో, పైపు ఇంకో వంపులో తిరుగుతాయి. రెండు చివరలూ కదలకుండా బిగిస్తే ఏదో ఒక బ్రాకెట్టు చిరుగుతుంది. హౌసింగ్‌కు వెల్డింగ్ చేయించొద్దు. వేడికి గొట్టం వంగితే ఆయిల్ సీళ్లు, బేరింగులు పోతాయి. చాసిస్ పై అంచుకు, కింది అంచుకు రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం కూడా కూడదు. నిలువు గోడలో కంపెనీ ఇచ్చిన రంధ్రాలే వాడుకోవాలి. ఇలాంటి మార్పు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వచ్చే వీలుంది కాబట్టి ఫిట్‌నెస్‌కు వెళ్లకముందే ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

పిన్నియన్ ముక్కు మీద రబ్బరు దిమ్మ పెట్టే పద్ధతి కూడా కొందరు చెబుతారు. అది బరువు మోయని కార్లకు బాగుంటుంది. లోడు పడగానే హౌసింగ్, చాసిస్ దగ్గరయ్యే పికప్‌లో ఆ దిమ్మ ఎప్పుడూ ఒత్తుకునే ఉంటుంది. దాని జోలికి పోకండి.

క్లాంపులైనా కడ్డీలైనా బిగించాక నట్టు నుంచి ప్లేటు మీదికి పెయింటుతో ఒక సన్నని గీత గీయండి. గీత రెండుగా విడిపోయి కనిపించిన రోజు నట్టు వదులైనట్టు. ప్రతి 1,000 కిలోమీటర్లకు కమాన్‌ను నీళ్లతో కడిగి, ఆరాక క్లాంపు అంచుల దగ్గర టార్చి వేసి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ క్లాంపు విప్పి, ఆ పట్టీ మార్చాకే లోడు ఎత్తండి.